తలక్రిందుగా ఎగురు హెలికాప్టరు

గురజాల ప్రాంతమునుండి ఒక శ్రోత మాకు జాబు వ్రాసిరి. వారి కుమారుడు మిరప చేలపై మందు చల్లు డ్రోనును నడుపుట నేర్చి, పైరు అదనులో ఊరూర తిరిగి నాలుగు డబ్బులు సంపాదించుచున్నాడట. ఆ సంపాదనలో కొంత మిగిల్చి, రేడియోతో నడుచు హెలికాప్టరు నమూనా నొకదానిని పాతది కొని తెచ్చినాడు. అంతటితో ఊరకుండక, దానిని తలక్రిందుగా ఎగురవేయుట నేర్చుకొందునని పట్టుబట్టినాడు. "నిటారుగా ఎగురుటకు పుట్టిన యంత్రమును బోర్లించి ఎగురవేయుట విద్యయా, వెఱ్ఱియా? నేను వలదనవలెనా, ఊరకుండవలెనా?" అని ఆ తండ్రి ప్రశ్న.

ఔననియో కాదనియో ఒక్క మాట వ్రాసి పంపుట మాకు సులభమే. కాని కుమారుడు చేయబోవు పని ఎట్టిదో తెలియక తండ్రి ఇచ్చు అనుమతికిగాని, చేయు నిషేధమునకుగాని విలువ తక్కువ. కావున ముందుగా ఆ పని సంగతి చెప్పెదము.

ఆ యువకుడు చేలలో నడుపు డ్రోను వేరు, ఈ హెలికాప్టరు వేరు. డ్రోనుకు నాలుగో ఆరో పంకాలుండును. వాని రెక్కల వాలు మారదు. మోటారు వేగము మాత్రమే మారును. ఏ పంకా ఎంత వేగముగా తిరుగవలెనో లోపలి కంప్యూటరు క్షణక్షణము లెక్కకట్టుచుండును. నడుపువాడు స్టిక్కులను వదలివేసినను అది ఉన్నచోటనే గాలిలో నిలిచియుండును. 2024 అక్టోబరు 22వ తేదీ రాత్రి విజయవాడ పున్నమి ఘాటువద్ద 5,500 డ్రోనులు ఆకాశమున బొమ్మలు గీయగా, కృష్ణ ఒడ్డున నిలిచి చూచినవారు మన పల్నాటిలోను ఎందరో కలరు. అందు ఒక్కొక్క డ్రోనుకు ఒక్కొక్క మనిషి స్టిక్కు పట్టి కూర్చుండలేదు. ముందుగా వ్రాసియుంచిన లెక్క ప్రకారము అవి నడచినవి. ఇట్టి డ్రోనును బోర్లించినచో దాని పంకాలు గాలిని పైకి చిమ్మి, తమ్ము తామే నేలకు త్రోసికొనును. మోటార్లు వెనుకకు తిరిగిననే తప్ప తలక్రిందుగా నిలుచుట దానికి సాధ్యము కాదు.

హెలికాప్టరు పద్ధతి ఇందుకు భిన్నము. దాని పెద్ద రెక్కలు ఇంచుమించు ఒకే వేగముతో తిరుగుచుండును. మారునది వాని వాలు. మాచర్ల బస్సులో కిటికీ ప్రక్కన కూర్చుండి, కండక్టరు చూడకుండ చేయి బయట పెట్టిన బాల్యము ఎవరికి లేదు? (ఇప్పుడెవ్వరును అట్లు చేయవలదు.) అరచేతి ముందంచు కొంచెము పైకెత్తినచో గాలి చేతిని పైకి త్రోయును, అంచు దించినచో క్రిందికి నొక్కును. చేయి అదే, గాలి అదే. వాలు మారినది, అంతే. నమూనా హెలికాప్టరు రెక్కలు పైతట్టున ఎంత ఉబ్బుగా నుండునో క్రిందితట్టునను అంతే ఉబ్బుగా చెక్కబడియుండును. వాలును ఒకవైపు 11, 12 డిగ్రీలవరకును, రెండవవైపు అంతే మేరకును త్రిప్పవచ్చును. అనగా రెక్క పైకి ఎంత బలముతో లాగగలదో క్రిందికిని అంతే బలముతో లాగగలదు. యంత్రము బోర్లపడినప్పుడు, తన దృష్టిలో "క్రింది"కి లాగుటయే మన దృష్టిలో పైకి నిలబెట్టుట.

రెక్కలన్నిటి వాలును ఒక్కసారిగా పెంచుట, తగ్గించుట మొదటి ఆజ్ఞ; దానిచే యంత్రము లేచును, దిగును. ప్రతి రెక్కయు ఒక చుట్టు తిరిగి వచ్చులోపల ఒకచోట ఎక్కువ వాలును, ఎదుటిచోట తక్కువ వాలును పొందునట్లు చేయుట మరియొక ఉపాయము. దానిచే యంత్రము ముందు వెనుకలకును కుడి యెడమలకును ఒరగును. అది రెండవ ఆజ్ఞ, మూడవ ఆజ్ఞ. నిమిషమునకు 2,000 చుట్లు తిరుగు రెక్క, సెకనుకు 33 పర్యాయములు ఇట్లు వాలు మార్చుకొనుచుండును! తోకవద్ద నున్న చిన్న చక్రము ముక్కును ప్రక్కలకు త్రిప్పును. అది నాలుగవ ఆజ్ఞ. ఈ నాలుగింటిని రెండు బొటనవ్రేళ్లతో ఏకకాలమున నడుపవలెను.

మనుష్యులెక్కు హెలికాప్టరులు ఇట్లు తలక్రిందుగా నిలువవు. 2003లో ఏర్పడిన మన వైమానిక దళపు సారంగ్ బృందము విన్యాసములను హైదరాబాదు బేగంపేటలో చూచినవారు, అవి ఎంతగా ఒరగినను బోర్లించి నిలుపబడలేదని గమనించియుందురు. పెద్ద యంత్రపు పొడవైన రెక్కలు వంగును. తలక్రిందైనచో తోకను తాకు ప్రమాదము కలదు. రెక్కల వాలు వ్యతిరేక దిశలో కొద్దిగానే తిరుగును. ఇంధనము, నూనె ప్రవహించు ఏర్పాటులును అందుకు తగినవి కావు. చిన్నది, తేలికైనది, గట్టి రెక్కలు గలది అగుటచే నమూనాకు మాత్రమే ఈ విద్య అబ్బినది.

నమూనాయనగా పిల్లల ఆటవస్తువని చులకన చేయరాదు. అమెరికాలో ఆర్థర్ యంగ్ అను నాతడు 1928నుండి ఏండ్ల తరబడి చిన్న నమూనాలనే ఎగురవేసి, విరుగగొట్టి, మరల కట్టి, 1941లో వాటితో బెల్ సంస్థవారిని ఒప్పించినాడు. ఆ నమూనాల ఫలమే 1946 మార్చి 8న పౌర వినియోగమునకు అనుమతి పొందిన బెల్ 47 హెలికాప్టరు. పెద్దదానికి చిన్నది తల్లియైనది. రేడియోతో నడుచు నమూనాలకు దారి చూపిన వారిలో జర్మనీ దేశస్థుడు డీటర్ ష్లూటర్ ముఖ్యుడు. 1970లో ఆయన నమూనా 11 కిలోమీటర్లకు పైగా ఎగిరినది. తలక్రిందుగా ఎగురవేయుట వచ్చిన క్రొత్తలో కొన్ని ట్రాన్స్‌మిటర్లపై ఒక ప్రత్యేకమైన మీట ఉండెడిది. యంత్రము బోర్లపడగనే ఆ మీట నొక్కినచో తారుమారైన ఆజ్ఞలను అదియే సరిచేసెడిది. ఎంత సుఖము! కాని దొర్లుచు, పల్టీలు కొట్టుచు, క్షణమునకొక విధముగా తిరుగు యంత్రమునకు ఏ క్షణమున మీట నొక్కవలెను? ఆ మీట మరుగున పడినది. 1990 దశకమున కర్టిస్ యంగ్‌బ్లడ్ వంటివారు మీట లేకుండ, చేతి నేర్పుతోనే సర్వదిశల ఎగురవేయుట ప్రచారము చేసిరి. అంతర్జాతీయ విమానక్రీడా సమాఖ్య ఇట్టి విన్యాసములకు ఎఫ్ 3 ఎన్ అను పోటీ తరగతిని ఏర్పరచినది.

ఇక ఆ తారుమారు సంగతి. దీనిని గ్రహించుటకు వంటయింటి అట్లకాడ చాలును. అట్లకాడ వెడల్పు భాగము యంత్రపు ముక్కు, పిడి తోక. పైముఖమున కాస్త కుంకుమ అద్దుడు. పిడి మనవైపు ఉండునట్లు, కుంకుమ పైకి కనబడునట్లు పట్టుకొనుడు. ఇది మామూలు స్థితి. ఇప్పుడు, పెనముమీద అట్టును తిరుగవేసినట్లుగా మణికట్టును త్రిప్పుడు. కుంకుమ క్రిందికి పోయినది; పిడి మనవైపే ఉన్నది. ఇదియే తలక్రిందు స్థితి.

"ముందుకు" అను ఆజ్ఞకు యంత్రము చేసికొను అర్థము "ముక్కును పొట్టవైపు వంచుము" అని. నిటారుగా నున్నప్పుడు పొట్ట నేలవైపున్నది. ముక్కు వంగును, యంత్రము ముందుకు సాగును. బోర్లపడినప్పుడు పొట్ట ఆకాశమువైపున్నది. అదే ఆజ్ఞకు ముక్కు పైకి లేచును. యంత్రము తోకవైపునకు సాగును. తోక ఎవరివైపున్నది? మనవైపు. అనగా దూరముగా పొమ్మని స్టిక్కును ముందుకు నెట్టినచో, ఆ తిరుగు రెక్కలు మన మీదికే వచ్చును! ఈ ఒక్క వాక్యమును ఆ తండ్రిగారు రెండుసార్లు చదువవలెనని మా కోరిక.

ముక్కును కుడికి త్రిప్పు ఆజ్ఞ కూడ చూచువానికి ఎడమకు త్రిప్పినట్లగును. పైకి లేపు స్టిక్కు క్రిందికి దింపును. దింపు స్టిక్కు లేపును. కాని కుడి యెడమలకు ఒరగుట మాత్రము మారదు. కుడికన్నచో కుడికే పోవును. అట్లకాడతో మెల్లగా చేసి చూడుడు, తేటపడును. నాలుగు ఆజ్ఞలలో మూడు తిరుగబడినవి, ఒకటి నిలిచినది. మా యభిప్రాయములో అసలు చిక్కు ఈ నిలిచినదానితోనే. నాలుగును తిరుగబడియున్నచో "అంతయు వ్యతిరేకము" అని చేతికి ఒక్క మాట చెప్పి ఊరుకొనవచ్చును.

పోనీ, అట్టు తిరుగవేసినట్లు కాక, యంత్రమును పిల్లిమొగ్గ వేయించి బోర్లించినచో? అప్పుడు ముక్కు మనవైపునకు వచ్చును. ఆ స్థితిలో ముందు వెనుకలు మన కంటికి సరిగా నుండును. కుడి యెడమలు తారుమారగును. ఒక దారిలో ఒక కష్టము, మరియొక దారిలో మరియొక కష్టము. నేర్చువాడు ఏదో యొకదానిని ఎంచుకొని, అది కుదిరినవరకు రెండవదాని జోలికి పోరాదు.

ఇంతవరకు కాగితముమీది పాఠము. దీనిని బాగుగా బట్టీపట్టి, మా స్టూడియో మిత్రుడొకరి ఇంట కంప్యూటరుకు తగిలించిన సిమ్యులేటరు ముందు మేము ఒక సాయంకాలము కూర్చుంటిమి. తెరమీది హెలికాప్టరును పైకి తీసికొనిపోయి బోర్లించితిమి. అది దిగజారుచున్నట్లు తోచినది. అంతే! తలలోని పాఠము తలలోనే ఉండగా, బొటనవ్రేలు తనంతట తాను స్టిక్కును పైకి నెట్టినది. యంత్రము నేలకు గ్రుచ్చుకొన్నది. రెండవసారియు అదే, పదవసారియు అదే. మా మిత్రుని కుమార్తె, ఎనిమిదవ తరగతి చదువు పిల్ల, లోపలినుండి వచ్చి చూచి నవ్వు ఆపుకొనుటకు చాల శ్రమపడినది. ముప్పది దాటిన పిమ్మట మేము లెక్కించుట మానివేసితిమి.

ఆ బొటనవ్రేలి తొందర ఎంత ఖరీదైనదో లెక్కకట్టి చూడవచ్చును. గాలిలో కదలక నిలిచిన యంత్రపు రెక్కలు దాని బరువుతో సమానమైన బలముతో పైకి లాగుచుండును. స్టిక్కు మార్చక యంత్రమును బోర్లించినచో ఆ బలము క్రిందికి తిరుగును, బరువును క్రిందికే. రెండును కూడి, చేతినుండి జారవిడిచిన రాయికంటె రెట్టింపు వేగవృద్ధితో అది నేలకు దూకును. 30 మీటర్ల ఎత్తునుండి రాయి పడుటకు సుమారు రెండున్నర సెకన్లు పట్టును. ఈ యంత్రమునకు ఒకటిముప్పాతిక సెకను చాలును. భయపడి స్టిక్కును ఇంకను పైకి నెట్టినచో అంత వ్యవధియు ఉండదు. కావున స్టిక్కును దించుట యంత్రమును కాపాడుట అను సంగతి, ఆలోచింప నవసరములేకుండ వ్రేలికే తెలిసియుండవలెను.

అందుకే సిమ్యులేటరుమీద దినమునకు ఇరువది నిమిషముల చొప్పున నెలల తరబడి సాధన చేయవలెను. ఒక ఆదివారము నాలుగు గంటలు కూర్చుండుటకంటె ఇది మేలు. అంతకు ముందు నిటారు విద్య పూర్తి కావలెను: తోక మనవైపు పెట్టి నిలుపుట, ప్రక్కకు త్రిప్పి నిలుపుట, ముక్కు మనవైపు పెట్టి నిలుపుట, ఎనిమిది అంకె ఆకారమున నడుపుట. తొందరగలవారు ఈ భాగమును దాటవేయుదురు. వారి యంత్రముల ముక్కలు సంచులలో ఇల్లు చేరును.

పొలములో మొదటి దినమున తలక్రిందుగా నిలుపుటకు యత్నింపరాదు. ఎత్తుగా పోయి, బోర్లించి, వెంటనే సరిచేసి తెచ్చుట, అంతే. ఏ స్టిక్కు ఏవైపు లాగినచో నిటారగునో, ఆ తిరుగుదారిని ముందు నేర్చి, నిలుపుటను తరువాత నేర్వవలెను. బోర్లించునప్పుడు రెక్కల చక్రము నిలువుగా, గోడవలె నిలుచు క్షణమొకటి వచ్చును. ఆ క్షణమున రెక్కల వాలు సున్నకు చేరి, ఆపై వ్యతిరేకదిశకు దాటవలెను. ట్రాన్స్‌మిటరుపై మోటారు వేగమును స్థిరపరచు మీట యొకటి కలదు. దానిని బోర్లించుటకు ముందే వేయవలెను. మరచినచో, స్టిక్కు దించగనే మోటారు కూడ మందగించి, రెక్కలు నిలిచి, యంత్రము మట్టిబెడ్డవలె రాలును. బ్యాటరీని బిగించిన పట్టీని కూడ ఒకసారి లాగి చూడవలెను. ఇంతకాలము అది బ్యాటరీని పట్టుకొన్నది, ఇకపై మోయవలసియుండును.

ఇటీవలి యంత్రములలో గైరోతో కూడిన పరికరమొకటి ఉండును. కొన్నిటిలో ప్రాణరక్షక మీటయు కలదు; నడుపువానికి దిక్కు తెలియనప్పుడు నొక్కినచో అదియే యంత్రమును నిటారుగా నిలుపును. దానిని వాడుట అవమానమని కొందరు యువకులు తలంతురు. ఈతకు పోవు పిల్లవాని నడుముకు బెండు కట్టుటలో అవమానమేమున్నది?

రేడియో శ్రోతలకు మరియొక విశేషము. విజయవాడ కేంద్రమునుండి తరతరములు విన్న మధ్యతరంగ ప్రసారము 837 కిలోహెర్ట్‌జులది. దాని తరంగము పొడవు 358 మీటర్లు. ఈ యంత్రములకు ఆజ్ఞలు మోయునది 2.4 గిగాహెర్ట్‌జుల తరంగము. పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు, జానెడైనను లేదు. పూర్వము 35, 72 మెగాహెర్ట్‌జులపై నడుపు కాలమున, ఒకే ఛానలుపై ఇద్దరు ట్రాన్స్‌మిటర్లు తెరచినచో యంత్రము ఎవరి మాట వినవలెనో తెలియక కూలెడిది. ఇప్పటివి క్షణక్షణము పౌనఃపున్యము మార్చుకొనుచు, తమ జంటను మాత్రమే గుర్తించును. అయినను సంకేతము తెగినచో మోటారు ఆగునట్లు ముందుగా అమర్చి, నేలమీద పరీక్షింపవలెను. మా ప్రసారము తెగినచో మీకు పాటలో ఒక చరణము పోవును. ఇక్కడ పోవునది అంతటితో ఆగదు.

ఎందుకనగా ఈ వస్తువు బొమ్మ కాదు. 70 సెంటీమీటర్ల రెక్కలు గల నమూనా నాలుగైదు కిలోల బరువుండును. నిమిషమునకు 2,000 చుట్ల వద్ద దాని రెక్క కొన సెకనుకు సుమారు 165 మీటర్లు, అనగా గంటకు దాదాపు 600 కిలోమీటర్ల వేగముతో పోవుచుండును. 2013లో న్యూయార్కు నగరమున, చేయి తిరిగిన యువకుడే ఒకడు తన హెలికాప్టరు తగిలి మరణించినాడు. కావున ఊరిలోను, బడి ఆవరణలోను, ఎండబెట్టిన మిరప కల్లములవద్దను, కరెంటు తీగల చెంతను దీనిని లేపరాదు. కోటప్పకొండ తిరునాళ్లలో ప్రభలకు సాటిగా ఎగురవేయుదునని ఎవడైన తలచినచో, వానిని ఆపుట పెద్దల విధి. నడుపువాడు తనకును యంత్రమునకును నడుమ ఊహింపదగిన గీత యొకటి గీచికొని, దానిని దాటి యంత్రమును తనవైపు రానీయరాదు. బోర్లించునపుడు ఆ గీతను ఇంకను దూరము జరుపవలెను. కారణము అట్లకాడ చెప్పినది.

2021నాటి డ్రోను నిబంధనలు 25 కిలోలు మించక, కంటిచూపు మేరలో, వినోదమునకో విద్యకో నడుపు నమూనాలను గుర్తించినవి. పటములో ఆకుపచ్చగా చూపిన ప్రదేశమున 400 అడుగులు, అనగా 120 మీటర్లు దాటి పోరాదు. సాధనకు అంత ఎత్తు అవసరమును లేదు. అంతదూరమున ముక్కేదో తోకేదో కంటికానదు.

పల్నాటి వాతావరణము గూర్చియు ఒక మాట. రెంటచింతల ఎండ రాష్ట్రమంతట పేరు పొందినది. 45 డిగ్రీల వేడిలో గాలి, 15 డిగ్రీల గాలికంటె నూటికి తొమ్మిది పాళ్లు పలుచబడును. పలుచని గాలిని పట్టుకొనుటకు రెక్కలు ఎక్కువ వాలవలెను, మోటారు ఎక్కువ శ్రమపడవలెను. ఆపదలో అక్కరకు రావలసిన బలము ఆ మేరకు తగ్గును. కావున వేసవిలో సూర్యోదయ వేళనే మంచిది. గాలియు నిలుకడగా నుండును. లిథియం బ్యాటరీలను మూసిన కారులో ఎండకు వదలిపెట్టుట నిప్పుతో చెలగాటము. సాగరు కుడికాలువ గట్టులు చదునుగా కనబడి ఆశపెట్టును గాని, నీటిలో పడిన యంత్రముకొరకు ప్రవాహములో దిగువారిని తలచుకొని, ఆ గట్టులను విడిచిపెట్టవలెను. ప్రత్తి కట్టె పీకి చదును చేసిన చేను మేలు. పిడుగురాళ్ల చుట్టుప్రక్కల సున్నపురాతి దుమ్ము బేరింగులలో చేరును; తుడువక మరునాడు ఎగురవేయరాదు.

"దీనివలన లాభమేమి?" అని కూడ ఆ తండ్రిగారు అడిగిరి. తలక్రిందుగా ఎగురవేయుట వచ్చినంత మాత్రమున మిరప రైతు ఎకరమునకు ఒక రూపాయి ఎక్కువ ఇయ్యడు. ఈ సంగతిని దాచుట తగదు. కాని జపానులో యమహా వారు 1987లోనే ఆర్ 50 అను మనిషి లేని హెలికాప్టరును వరిచేలపై మందు చల్లుటకు తెచ్చిరి. దానిని నడిపినవి మనుష్యుల చేతులు. ముక్కు ఎటున్నను తడబడక నడుపగల చేయి, డ్రోనులోని దిక్సూచియో ఉపగ్రహ సంకేతమో తప్పినప్పుడు, చేను చివర నిలిచిన కూలీలకు దూరముగా దానిని దింపగలదు. అంతకు మించి ప్రయోజనము చూపుమన్నచో మావద్ద లేదు. కోడిపందెముమీద రాజ్యమును ఒడ్డిన కథను ఏటేట కారెంపూడిలో తలచుకొను సీమవారికి, ప్రయోజనము లేని పౌరుషమును గూర్చి మేము చెప్పుట సాహసము.

ఆ తండ్రిగారికి మా జవాబు ఇది. వలదనవలదు. సిమ్యులేటరుమీద వరుసగా పదిసార్లు బోర్లించి, నిలిపి, సరిచేసి చూపినవరకు పొలమునకు పోరాదని మాత్రము చెప్పుడు. ఆ దినము వచ్చినప్పుడు మీరును వెంటపోవుడు. అబ్బాయి ప్రక్కన కాక, వెనుక పది అడుగుల దూరమున నిలుచుండుడు. దారిన పోవువారిని, పశువులను మీరు కనిపెట్టి చూచుచుండుడు. యంత్రము బోర్లపడిన క్షణమున అది పడిపోవుచున్నట్లే మీకు తోచును. అప్పుడు కేక వేయవలదు, పేరుపెట్టి పిలువవలదు.